వసుమతి పూలు, పోశవ్వ తేనె

"అమ్మా, ఇన్ని పూలు నీకాడుంటే, గీ తేనెటీగలు మా పలిగిన గోలెంల ఎందుకు సొచ్చినయ్?"

పోశవ్వ ఈ మాట అడిగింది నిరుడు దసరా వెళ్ళిన మూడో రోజు పొద్దున, చేతిలో చీపురు పట్టుకుని. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే తెలియక అడిగింది. అందుకే వసుమతికి ఎక్కడో లోపల గుచ్చుకుంది. ఎత్తిపొడుపయితే తిప్పి కొట్టడానికి ఆమె దగ్గర ఎప్పుడూ నాలుగు మాటలు సిద్ధంగా ఉంటాయి.

వసుమతికి యాభైనాలుగేళ్ళు. అబిడ్స్‌లో ఒక ప్రైవేటు బడిలో ఫీజుల కిటికీ వెనక ఇరవయ్యారేళ్ళుగా కూర్చుంటోంది. ఇల్లు నాంపల్లిలో, స్టేషనుకు వెనక ఉన్న సందుల్లో ఒకదానిలో. భర్త ఇంద్రసేనకు బషీర్‌బాగ్‌లో రబ్బరు స్టాంపులు చేసే దుకాణం ఉంది. ముందు నాలుగు గదుల్లో వీళ్ళుంటారు. వెనక రెండు గదుల్లో పోశవ్వ, బిచ్చయ్య కిరాయికి ఉంటారు. మెదక్ దిక్కు నుంచి వచ్చినవాళ్ళు. బిచ్చయ్య హిమాయత్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్, వారానికోసారి ఇంటికొస్తాడు. పోశవ్వ స్టేషను దగ్గరి లాడ్జీలో దుప్పట్లు ఉతుకుతుంది. ముందు గదులకూ వెనక గదులకూ మధ్య నూరు గజాల ఖాళీ. ఆ చుట్టుపక్కల నూరు గజాలు ఖాళీగా కనిపిస్తే మూడంతస్తుల లాడ్జీ లేస్తుంది. వసుమతి దాన్ని తోట చేసింది.

తోట వెనక ఒక కథ ఉంది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు ఆమె చేత తులసి నాటించింది. అది వారంలో మాడిపోయింది. "ఈ పిల్ల చేతిల చెట్టు బతకది" అని ఆవిడ వచ్చేపోయే ప్రతి మనిషికీ చెప్పింది, పేరంటాల్లో చెప్పింది, పాలవాడికి కూడా చెప్పింది. ఆవిడ పోయి పదకొండేళ్ళయింది గానీ ఆ మాట వసుమతిని వదల్లేదు. నిమ్మ, పారిజాతం, నందివర్ధనం, మందారం, నాలుగు రంగుల బంతి, గోడ పొడుగునా తులసి... ఆమె నాటనిదంటూ లేదు. ఒక్కొక్క మొక్క బతికినప్పుడల్లా ఆమె మనసులో అత్తగారి ముందు నిలబడి చూపించేది. సందులో నలుగురూ "వసుమతి చేయి మంచిది" అనాలి. ఆ ఒక్క మాట కోసం పదకొండేళ్ళు పేడ పిసికింది.

తేనెటీగలు వచ్చిన ఆదివారం ఆమె అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలవాడితో బేరమాడుతోంది. తోటపని మీద ఒక బొమ్మల పుస్తకం, వంద అన్నాడు, అరవైకి తెచ్చింది. ఇంటికొచ్చేసరికి వెనక గదుల ముందు సందు సగం నిలబడి ఉంది. పోశవ్వ ఊరి నుంచి తెచ్చుకున్న నీళ్ళ గోలెం, అడుగు పగిలితే పారేయబుద్ధి కాక బోర్లించి పెట్టుకున్నది, ఇప్పుడు గుయ్యిమంటోంది. పగిలిన బెజ్జం లోంచి ఈగలు వస్తున్నాయి, పోతున్నాయి, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్నట్టు.

తేనెటీగలు వెతుక్కుంటూ వస్తే లక్ష్మి వచ్చినట్టేనని సందులో సగం మంది అన్నారు. అరిష్టమని మిగతా సగం అన్నారు. తేనె తీస్తే మాకూ ఇంత పెట్టమని రెండు సగాలూ పోశవ్వకు చెప్పి వెళ్ళాయి. వసుమతి చేతిలో అరవై రూపాయల పుస్తకం చెమటకు తడిసింది.

అసూయ ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు చెల్లెలి పొడుగు జడ మీద, ఉద్యోగంలో చేరాక పక్క సీటు ఆవిడ దస్తూరి మీద, పెళ్ళయ్యాక ఎదురింటివాళ్ళ మంజీరా నీళ్ళ నల్లా ధార మీద ఆమె అసూయ పడింది. అవన్నీ తనకంటే కాస్త పైనున్నవాళ్ళ మీద. తన దగ్గర కిరాయికుండే మనిషి మీద, అందులోనూ పగిలిన కుండ కోసం, పడాల్సి రావడం ఇదే మొదలు. అది ఆమెకే సిగ్గనిపించింది. సిగ్గనిపించినంత మాత్రాన తగ్గలేదు.

మొదట యజమాని లెక్కన వెళ్ళింది.

"పోశవ్వా, ఆ గోలెం తీసెయ్యరాదు? ఎవరినన్న కుడితే జవాబు నేను చెప్పాలె."

"తీస్త అమ్మా, నాకేంది? గని కదిలిస్తే గవి ముందుగాల నీ దిక్కే వస్తయ్. మీ వంటింటి కిటికీనే దగ్గర."

వసుమతి ఆలోచించినట్టు ముఖం పెట్టి, "సరే, జర చూద్దాం తీ" అని తిరిగొచ్చింది. నిజానికి ఆమెకు ఈగలు పోవడం అక్కర్లేదు. ఇటు రావడం కావాలి.

మర్నాడే బేగంబజార్ వెళ్ళి కొత్త గోలెం తెచ్చింది. ఎర్రగా నిగనిగలాడేది. అడుగున ఇంద్రసేన చేత మేకుతో బెజ్జం కొట్టించింది. నిమ్మచెట్టు కింద నాలుగు ఇటుకల మీద బోర్లించి, లోపలా బయటా బెల్లం పూసింది.

"ఏంది వసూ, ఈగలకు టూ లెట్ బోర్డు కూడ రాయించమంటవా? దుకాణంల రబ్బరు ఉంది" అన్నాడు ఇంద్రసేన.

"మీకు పరాచికాలు. గాడ పలిగిన దాంట్ల ఉన్నయంటే, గీడ కొత్త దాంట్ల ఎందుకుండవు?"

ఈగలు వచ్చాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వచ్చాయి. బెల్లం నాకి, బరువెక్కి, నేరుగా పోశవ్వ గోలెంలోకి వెళ్ళాయి. మూడో రోజుకు కొత్త గోలెం నిండా చీమలు. నాలుగో రోజు పోశవ్వ తానే వచ్చి నిలబడింది.

"అమ్మా, వాటికి బెల్లం పెట్టినవట. నీ కడుపు సల్లగుండ. చలి దినాలు వస్తున్నయ్, పాపం వాటికి తిండి దొర్కది."

తిట్టినా బాగుండేది. కృతజ్ఞత చెప్పించుకోవడం వసుమతి వల్ల కాలేదు. గోలెం కడిగి ఎండబెట్టింది.

ఇంతలో కార్తీకం వచ్చింది. వసుమతికి భక్తి కుదిరింది.

అసూయ మనిషిని సోమరిని చేస్తుందని, కుంగదీస్తుందని ప్రవచనాల్లో చెబుతుంటారు. చెప్పేవాళ్ళు ఎప్పుడూ సరిగ్గా అసూయపడి ఉండరు. వసుమతి పొద్దున అయిదింటికి లేచేది. ఈగలు బయటికి రాకముందే, నెత్తి మీద తడి జుట్టుతో, రెండు బుట్టలు పట్టుకుని తోటలోకి దిగేది. పారిజాతాలు ఏరేది, నందివర్ధనాలు తెంపేది, మందారాలు విచ్చకముందే గిల్లేది, బంతి మొగ్గలతో సహా కోసేది. తులసి కంకులు గిచ్చేది. ఆఖరికి నిమ్మచెట్టు ఎక్కి తెల్లటి పూతను ఒక్కొక్కటిగా రాల్చేది. తన పూలు తాగి వెనక గదుల కుండ నింపుతున్నాయి కదా, పూలే లేకపోతే ఎలా నింపుతాయో చూస్తానని. రెండు బుట్టలూ సందు చివరి గుడికి వెళ్ళేవి.

"నిమ్మపూలు స్వామికి ఎవరూ తేరమ్మా" అన్నాడు పూజారి, బుట్టలో చెయ్యి పెట్టి తటపటాయిస్తూ.

"మా ఇంట్ల ఆచారం పంతులుగారూ. కార్తీకంల నిమ్మపూలు పెడితే మంచిదని మా అత్తమ్మ చెప్పేది."

బతికున్నప్పుడు అత్తగారు నిమ్మపూల సంగతి ఎత్తిన పాపాన పోలేదు. అయినా పూజారి తలూపాడు. పది రోజులు తిరక్కుండా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు నిమ్మపూలు తెచ్చారు. ఒకావిడ ఎందుకు మంచిదో కూడా చెప్పగలిగింది. ఆచారాలు పుట్టడానికి ఇంతకంటే పెద్ద కారణం ఉంటుందని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ మంచితనం.

"దేవునికి పెట్టు, వద్దన్నదెవరు?" అన్నాడు ఇంద్రసేన, చట్నీలోకి కూడా నిమ్మకాయ దొరకని ఒక పొద్దున. "గని ఒకటో రెండో చెట్టుకు కూడ ఉంచు. మొత్తం గుండు కొట్టించినవ్."

పోశవ్వ గోలెం గుయ్యిమనడం ఏమీ తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో వసుమతికి బడిలో తెలిసింది. సైన్సు చెప్పే శశికిరణ్ అనే కుర్ర టీచరు జీతం కాగితం కోసం కిటికీ దగ్గరికొస్తే, తన సంగతి కాదన్నట్టు అడిగింది.

"శశీ, ఈ తేనెటీగలు పూల కోసం ఎంత దూరం పోతయి?"

"కిలోమీటరు, రెండు కిలోమీటర్లు ఈజీగా పోతయి మేడం. మీకేంది, మీది నాంపల్లి గదా. పబ్లిక్ గార్డెన్స్ పక్కనే. వాటికి రోజూ దావతే."

ఆ సాయంత్రం అబిడ్స్ చౌరస్తాలో చెరుకురసం బండి దగ్గర ఆగింది. పిప్పి బుట్ట మీద ఈగలు ముసిరి ఉన్నాయి. వాటిలో ఒకటి కడుపు నిండా తాగి, బస్సు హారన్లకు కూడా చెదరకుండా, సరిగ్గా నాంపల్లి వైపు తిరిగి ఎగిరింది. వసుమతి గ్లాసు చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడిపోయింది. ఆమె పూలు ఒక లెక్కా? సర్కారు తోట, మిఠాయి కొట్లు, చెరుకు బండ్లు, మొత్తం అబిడ్స్ కలిసి పోశవ్వ కుండ నింపుతోంది. ఆమె రసం పూర్తిగా తాగలేకపోయింది.

జనవరి చివర్లో పోశవ్వ తేనె తీసింది. మూతికి కొంగు కట్టుకుని, ఆవుపేడ పిడక పొగ పెట్టి, గోలెం కాస్త పైకెత్తి రెండు పట్లు కోసి, మిగతావి వాటికే వదిలింది. ఊళ్ళో వాళ్ళ నాయిన అలాగే తీసేవాడట. ఒక్క ఈగా కుట్టలేదు. సందు వాళ్ళు గోడ మీంచి చూసి "అబ్బ, పోశవ్వ చేయి ఎంత మంచిదో" అన్నారు.

ఎవరన్నారో వసుమతి చూడలేదు. ఆ మాట మాత్రం పడకగదిలోకి, మూసిన కిటికీలోంచి కూడా వినిపించింది. పదకొండేళ్ళు తాను కాచుకున్న మాట అది. వెనక గదుల ముందు, ఏ మొక్కా నాటని మనిషికి, వట్టినే దొరికింది.

సాయంత్రం పోశవ్వ స్టీలు గిలాసలో తేనె తెచ్చి వంటింటి గడప మీద పెట్టింది. "ముందుగాల ఇంటోళ్ళకే" అంది. ఆమె వెళ్ళాక వసుమతి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. బాగుంది. చాలా బాగుంది. నిమ్మపూల వాసన తగిలినట్టనిపించి మళ్ళీ ముంచింది. అసలు ఆ చెట్టుకు పూలే ఉంచలేదని గుర్తొచ్చినా, వాసన తగులుతూనే ఉంది. గిలాస ఖాళీ అయ్యేదాకా అందులో తన సొత్తు ఎంత ఉందో రుచి చూసింది.

మార్చి మొదటి సోమవారం ఆమె రోజొచ్చింది.

పొద్దున ఏడున్నరకు తోటలో మోటారు సైకిలు స్టార్టు చేసినట్టు చప్పుడు. తలుపు తీస్తే గాలి గోధుమరంగులో తిరుగుతోంది, వేల ఈగలు. అది చూస్తుండగానే సుడి చిన్నదై, నిమ్మచెట్టు నడిమి కొమ్మకు పట్టి, గుమ్మడికాయంత ముద్దగా వేలాడింది. వసుమతి నిమ్మచెట్టుకు. బోడి చేసిన ఆ చెట్టుకే. ఆమెకు కన్నీళ్ళొచ్చాయి. ముందు అత్తగారు గుర్తొచ్చింది, తర్వాత పోశవ్వ, తర్వాత ఫోను.

ఫొటో బడి వాట్సాప్ గ్రూపులో పడింది: "మా తోటకు తేనెటీగలు వచ్చాయి. అసలైన తేనె కావాలనుకున్నవారు చెప్పండి." అయిదు నిమిషాల్లో అయిదుగురు చెప్పారు, హెడ్‌మిస్ట్రెస్‌తో సహా. పావుకిలో చొప్పున, వారంలో ఇస్తానని మాటిచ్చింది. పైసల సంగతి ఒకావిడ ఎత్తితే, "ఇంట్ల తేనెకు పైసలేంది" అని రాసింది.

ఎనిమిదిన్నరకు పోశవ్వ లాడ్జీకి బయల్దేరుతూ నిమ్మచెట్టు కింద ఆగింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని, మెడ వంచి కొమ్మను కిందినుంచి చూసింది.

"అమ్మా, గిది తేనెపెర కాదు. పెడ్తలేవు చూడు, మైనం చుక్క లేదు. ఉత్త ఈగలే. తొవ్వల ఆగినయ్ గంతే."

"అంటే?"

"మా గోలెంల ఎక్కువైనయ్, సగం బయటవడ్డయ్. ఇల్లు దేవులాడుతున్నయ్. మంచి జాగ దొరికిందంటే మాపటికల్లా లేస్తయ్."

"మీ గోలెంలకెళ్ళా?" అంది వసుమతి. మిగతాదేమీ ఆమె చెవికెక్కలేదు.

"ఔ. నీ కొత్త గోలెం ఉన్నది గదా, తే. ఒక పాత దుప్పటి తే. కొమ్మ దులిపి దాంట్లకు దింపుత. పావుగంట పని. లాడ్జీల జర లేటైతే ఏం గాదు. దిగినయంటే ఉండిపోతయ్, నీకే ఉంటయ్."

కొత్త గోలెం స్టోరు గదిలో తలుపు వెనకే ఉంది. నాలుగు అడుగులు. వసుమతి ఆ నాలుగు అడుగులు వేయలేదు. గోడ మీద అప్పటికే ఇద్దరు సందు ఆడవాళ్ళు మెడలు చాపి ఉన్నారు. పోశవ్వ దులుపుతుంది, ఈగలు ఆమె మాట విన్నట్టు దిగుతాయి, గోడ మీంచి ఆ మాటే మళ్ళీ వస్తుంది. ఈ తోటలో, ఈ చెట్టు కింద, తన గోలెం ముందర.

"అవసరం లేదు" అంది. "వాటంతట అవి వచ్చినయ్. వాటంతట అవే ఉంటయ్."

"ఉండయ్ అమ్మా, నా మాట విను..."

"నీ దగ్గరినుంచి పోయినయని నీకు కడుపుమంటగ ఉన్నట్టుంది పోశవ్వా. ఇన్ని దినాలు నువ్వు తిన్లేదా? ఇప్పుడు నా కొమ్మ మీద కూడ నీ చెయ్యే పెట్టాల్నా?"

పోశవ్వ ఆమె ముఖం చూసింది. కోపంగా కాదు, ఏదో భాష అర్థం కానట్టు. "నీ ఇష్టం అమ్మా" అని చెప్పులేసుకుని పోయింది.

ఆ రోజు ఫీజులకు ఆఖరి తేదీ. కిటికీ ముందు వరస గేటు దాకా ఉంది. అయినా వసుమతి చేతులు తేలిగ్గా ఆడాయి. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో డబ్బా విప్పితే, అందరూ ఫొటో గురించే. అటెండరు బుజ్జమ్మ చాయ్ పోస్తూ, "మేడం చెయ్యి మామూలు చెయ్యి కాదు. నోరు లేని జీవాలకు కూడ తెలిసింది" అంది. వసుమతి కళ్ళు దించుకుని చాయ్ తాగింది. అంత రుచిగల చాయ్ ఆ బడిలో ఇరవయ్యారేళ్ళలో తాగలేదు.

అయిదున్నరకు ఇల్లు చేరింది. సంచీ భుజానుండగానే తోటలోకి వెళ్ళింది. కొమ్మ ఉంది, ముద్ద లేదు. దారి తప్పిన ఏడెనిమిది ఈగలు ఆ కొమ్మ చుట్టూ తిరుగుతున్నాయి. ఆకులు తిప్పి చూసింది, పారిజాతం వెనక చూసింది, స్టోరు గది తలుపు తీసి కొత్త గోలెం ఎత్తి కూడా చూసింది. ఒక సాలీడు ఉంది.

పోశవ్వ లాడ్జీ నుంచి వచ్చేదాకా గడప మీద కూర్చుంది.

"నువ్వే లేపినవు."

"ఏంది అమ్మా?"

"పొగబెట్టి లేపినవు. నాకు దక్కొద్దని."

పోశవ్వ చేతిలోని సంచీ కింద పెట్టింది. సబ్బునీళ్ళకు తెల్లబడి ముడతలు పడ్డ చేతులు. "పొద్దుగాల తొమ్మిదింటికి పోయి గిప్పుడొస్తున్న. డెబ్బై దుప్పట్లు ఉతికిన. అడుగు పోయి, లాడ్జీల మేనేజర్ను అడుగు." సంచీ మళ్ళీ చేతికి తీసుకుని మామూలు గొంతుతో అంది, "నేను దింపుతనంటే నువ్వే వద్దంటివి."

ఇంద్రసేన అప్పుడే దుకాణం నుంచి వచ్చి సైకిలు గోడకు ఆనిస్తున్నాడు. "ఏమైంది?" అన్నాడు. అతను కొమ్మ చూశాడు, భార్యను చూశాడు, చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

ఆ వారమంతా వసుమతి ఈగలు మళ్ళీ వస్తాయని చూసింది. పూలు తెంపలేదు. నిమ్మచెట్టుకు తిరిగి పూత వచ్చింది, దాని మీదికి పోశవ్వ ఈగలు రానే వచ్చాయి. ఇప్పుడు వాటిని చూస్తే కడుపు మండడమే కాదు, లోపల ఇంకేదో కూడా అయ్యేది. దాని పేరు వెతికే ఓపిక ఆమెకు లేదు.

శుక్రవారం బుజ్జమ్మ కిటికీ దగ్గరికొచ్చి అడిగింది. "మేడం, హెడ్ మేడం అడుగుతున్రు. సోమవారం వాళ్ళమ్మ వస్తదట, మందుల కలుపుకునేటందుకు తేనె తెచ్చినవా అని."

"సోమవారం తెస్త."

"అయిదు సీసాలు గదా? నాకు ఆరోది లేదా మేడం?"

"నీకెందుకే, షుగర్ పెట్టుకుని."

"తినను మేడం. మీ చేతి తేనె అని ఇంట్ల పెట్టుకుంట."

లేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఈగలు లేచిపోయాయి, తేనె లేదు. అంత చిన్న నిజం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెబితే శశికిరణ్ ఎందుకు లేచిపోయాయో విడమరిచి చెబుతాడు. అందరూ అయ్యో అంటారు. ఆ అయ్యో అత్తగారి గొంతుతో వినిపిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె వెనక గదుల దగ్గరికి నడిచింది. ఇన్నేళ్ళలో తనకేదో కావాలని ఆ గడప దాకా ఎప్పుడూ వెళ్ళలేదు, కిరాయి కూడా వాళ్ళే తెచ్చిచ్చేవాళ్ళు. పోశవ్వ గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది.

"తేనె ఉన్నదా పోశవ్వా?"

"ఉన్నది. నిన్ననే ఒక పట్టు కోసిన. ఎంత గావాలె?"

"అయిదు పావుకిలోలు." కొంగు సవరించుకుంది. "మా బడోళ్ళకు. కొనుక్కుంటరట."

పోశవ్వకు ఫొటో సంగతి తెలుసో తెలియదో. సందులో ఏదీ దాగదు, బహుశా తెలిసే ఉంటుంది. కత్తిపీట పక్కకు జరిపి లేచింది. లోపలినుంచి గిన్నె తెచ్చి, బట్టలో వడగట్టి, అయిదు సీసాల్లో పోసింది. మూతుల చుట్టూ కారిన తేనెను కొంగుతో తుడిచింది.

"బయట కిలో వెయ్యికి ఇస్తున్న. నీకూ గదే. ఎక్కువ దీస్కోను, తక్కువ దీస్కోను."

"కిరాయిల పట్టుకుంట తీ."

"వద్దమ్మా. కిరాయి కిరాయే, తేనె తేనే. రెండు కలిపితే నాకు తెల్వది. నీకాడ ఉన్నప్పుడు ఇయ్యి."

వసుమతి సీసాలు కొంగు కింద పెట్టుకుని, సందు వైపు చూడకుండా, తోట మధ్యలోంచి వచ్చింది. ఆ రాత్రి ఇంద్రసేన దుకాణం కాగితాల మీద వంకర లేకుండా అయిదు చీటీలు రాసింది: "వసుమతి తోట తేనె". సోమవారం స్టాఫ్‌రూములో సీసాలు చేతులు మారాయి. హెడ్‌మిస్ట్రెస్ చెంచాతో నాకి కళ్ళు మూసుకుంది. "వసుమతిగారూ, మీ చేతిలో ఏదో ఉందండీ" అంది. నిమ్మపూల వాసన వస్తోందని కూడా అంది. వసుమతి నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం నాంపల్లి సందు మలుపు దాకా ముఖం మీద నిలిచింది. మలుపు తిరిగాక గోలెం చప్పుడు వినిపించింది.

పోశవ్వకివ్వాల్సిన పైసలు, తన జీతంలోవే, పర్సులో ఉన్నాయి. రెండుసార్లు తీసి చేతిలో పట్టుకుని తోట సగం దాకా వెళ్ళింది కూడా. కానీ ఇచ్చిందంటే కొన్నట్టు. కొన్నదంటే అది పోశవ్వ తేనె అవుతుంది. సగం దాకా వెళ్ళిన రెండుసార్లూ నిమ్మచెట్టుకు నీళ్ళు పోసి వెనక్కి వచ్చింది.

పోశవ్వ అడగలేదు. ఆ అయిదు సీసాలకు పన్నెండు వందల యాభై రూపాయలు వసుమతి ఇంకా ఇవ్వాలి.